అంబలి కుండ మీద భారం వేసి చేతులు దులుపుకుంటారా?



ఈ మధ్య మనోళ్లే ఒక మాట తెగ తిప్పుతున్నారు. "మన అంబలిలో మంచి బ్యాక్టీరియా ఉంది, బూజు విషాన్ని అదే చంపేస్తది, తాతముత్తాతలకి ఇది ముందే తెలుసు" అని. వినడానికి గర్వంగానే ఉంటది. కానీ అందులో సగమే నిజం. మిగతా సగం ప్రాణం మీదికి తెచ్చేది. అందుకే రాస్తున్నాం.

1974లో రాజస్థాన్ బాంస్వాడా, గుజరాత్ పంచమహల్ జిల్లాల భిల్లుల ఊళ్లలో కోతల వేళ అకాల వర్షానికి మొక్కజొన్న తడిసింది. ఇంట్లో ఉన్నది అదే. బూజు పట్టినా అదే తిన్నారు. కామెర్లు వచ్చాయి, పొట్టల్లో నీరు చేరింది. 397 మంది జబ్బు పడితే 106 మంది చనిపోయారు. ఆ ఇళ్లల్లో అదే తిండి తిన్న కుక్కలూ చచ్చాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు పోయి, కారణం అఫ్లాటాక్సిన్ అని తేల్చారు. ఆస్పర్జిల్లస్ అనే బూజు వదిలే విషం అది. మామూలు వంట వేడికి పోదు. పైబూజు దులిపేసినా గింజలో ఉండిపోతది.

భిల్లులు తెలివి లేక తినలేదు. వేరే గింజ లేక తిన్నారు.

ఇక బ్యాక్టీరియా సంగతి. లాక్టోబాసిల్లస్ జాతిలో కొన్ని రకాలు అఫ్లాటాక్సిన్‌ను తమ ఒంటి గోడకి అంటించుకుంటాయి. చచ్చిన బ్యాక్టీరియా కూడా అంటించుకుంటది! అంటే అది విషాన్ని చంపడం కాదు, పట్టుకోవడం. పట్టుకున్న దాంట్లో కొంత మళ్లీ జారిపోతది కూడా. చైనాలోని గ్వాంగ్‌జౌలో 90 మంది యువకుల మీద చేసిన పరీక్ష 2006లో అచ్చయింది. మంచి బ్యాక్టీరియా మింగినవాళ్ల మూత్రంలో ఈ విషం ఆనవాళ్లు తగ్గాయి. తగ్గాయి అంతే, పోలేదు. ఇంకోటి, ఆవు నెమరు పొట్టలో దొరికిన ఒక బ్యాక్టీరియాను పందుల దాణాలో కలపడానికి యూరప్ 2013లో అనుమతించింది. అది డియాక్సీనివాలెనాల్ అనే వేరే బూజు విషాన్ని నిజంగానే విరగ్గొడుతుంది. దాన్ని తెచ్చి అఫ్లాటాక్సిన్ మీద పెట్టి లాభం లేదు. ఏ విషానికి ఏ బ్యాక్టీరియా అనేది వెతికి తేల్చాల్సిందే. మరి మన కుండలో ఏ రకం ఉంది? ఇంటికో రకం పులుపు. ఎవరు కొలిచారు?

యూరప్‌లో పంది తినే దాణాకి ఇంత జాగ్రత్త. మన పిల్ల తినే మొక్కజొన్నకి?

తేమ మిషన్ మన దగ్గరికి రాకుండా లేదు. మనం గింజలు అమ్మేటప్పుడు ధర కోయడానికి వస్తది. తిండికి దాచుకునే గింజ తేమ చూడటానికి మాత్రం రాదు. తేమ 13 శాతానికి దిగేదాకా ఎండితే ఈ బూజుకి పెద్దగా పని ఉండదు. ఎండబెట్టడానికి కావలసింది టార్పాలిన్, కళ్లం, వాన తగలని గది. దీనికి ఏ ప్రయోగశాలా అక్కర్లేదు.

"పాడైంది కోళ్లకి పడేద్దాం" అనేవాళ్లకి కూడా ఒక మాట. 1960లో ఇంగ్లండులో లక్ష టర్కీ కోళ్లు చచ్చింది బూజు పట్టిన వేరుశనగ పిండి తినే. ఆవుకి పెడితే పాలల్లోకి వస్తది.

బ్యాక్టీరియా పరిశోధన వద్దని మేము అనట్లేదు. రండి, మన అంబలి కుండల మీదే చెయ్యండి, ఫలితం మన భాషల్లో మన ఊళ్లోనే చెప్పండి. కానీ అది తేలేదాకా "మీ దగ్గర అంబలి ఉందిగా" అని ఏ ఆఫీసరూ తప్పించుకోకూడదు. వచ్చే గ్రామసభలో మేము అడగబోయేవి మూడే: ఊరికో కళ్లం, ఇంటికో టార్పాలిన్, హాస్టల్ గింజలకి బూజు పరీక్ష. మీ ఊళ్లో కూడా తీర్మానం రాయించండి, కాపీ మాకు పంపండి.