టెన్షన్ అన్న ఒక్క మాట చాలదు: మా ఉద్యమ ప్రణాళిక

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్ నుంచి ఫోన్ వస్తుంది. ఫోను వార్డెన్‌ది. వెనక ఇంకా పదిమంది పిల్లలు వరసలో నిలబడి ఉంటారు కాబట్టి ఒక్కొక్కరికీ నాలుగైదు నిమిషాలే. తిన్నావా అని అమ్మ అడుగుతుంది. చదువుతున్నావా అని అడుగుతుంది. ఫోన్ నాన్న చేతికి వెళ్తుంది. మొన్నటి టెస్టులో ఎన్ని వచ్చాయని ఆయన అడుగుతాడు. అటునుంచి "ఊఁ", "బానే ఉన్నా" తప్ప పెద్దగా ఏమీ వినపడదు. ఒక్కోసారి "కొంచెం టెన్షన్‌గా ఉంది నాన్నా" అని వినపడుతుంది. "టెన్షన్ ఎందుకురా, బాగా చదివితే అదే పోతుంది." టైమ్ అయిపోతుంది.

మా ఉద్యమం ఆ ఫోన్ దగ్గర పుట్టింది. మేము కొద్దిమందిమి. ఇంటర్మీడియట్ లెక్చరర్లు, ఒక స్టాఫ్ నర్సు, ఒక ఆర్టీసీ కండక్టరు, ఒక అంగన్‌వాడీ టీచరు, కొందరు తల్లిదండ్రులు, ఆ హాస్టళ్ళు దాటి వచ్చి ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్న పిల్లలు. ఆ ఫోన్‌కు ఏదో ఒక కొసన నిలబడి, చెప్పాల్సింది చెప్పలేకపోయినవాళ్ళం, అడగాల్సింది అడగలేకపోయినవాళ్ళం. మా ఉద్యమానికి ఇంకా పేరు పెట్టలేదు. ఏం కోరుతున్నామో ముందు రాసుకుందాం అనుకున్నాం. మేము కోరేది ఇది: ప్రతి తెలుగు ఇంట్లో, ప్రతి బడిలో, మనసుకు కలిగినదాన్ని దాని సొంత పేరుతో చెప్పుకునే చోటు ఉండాలి. దాన్ని వినే మనిషి ఉండాలి.

ఫోన్‌లో టెన్షన్ అన్న ఆ పిల్లాడికి ఉన్నది టెన్షన్ కాకపోవచ్చు. బెంగ అయితే దానికి ఇంటి ముచ్చట్లు కావాలి, గేదె ఈనిందనో, చెల్లి సైకిల్ నేర్చుకుందనో. మార్కుల లిస్టు చదివి అందరి ముందు నిలబెట్టిన అవమానమైతే, ఆ నిలబెట్టడం ఆగాలి. ఎంత చదివినా పక్కవాడికే ఎక్కువ వస్తున్నాయన్న ఉక్రోషమైతే ఎవరో ఒకరు పక్కన కూర్చుని మాట్లాడాలి. తెల్లవారుజామున లేచి రాత్రి పదకొండింటిదాకా స్టడీ అవర్‌లో కూర్చున్న అలసటైతే నిద్ర కావాలి. ఒక్కో బాధకు ఒక్కో మందు. అన్నిటినీ టెన్షన్ అన్న గోనెసంచిలో వేసి మూతి కట్టేస్తే మన దగ్గర మిగిలే మందు ఒకటే: బాగా చదువు.

మాటలు లేక ఈ గతి పట్టలేదు. దిగులు, గుబులు, బెరుకు, జంకు, బిడియం, చిరాకు, విసుగు, అలక, కినుక, వెలితి, నామోషీ, ఇవన్నీ మన ఇళ్ళలోని మాటలే. అలకకూ కోపానికీ తేడా తెలుగువాళ్ళకు విడమరచి చెప్పక్కర్లేదు. అలిగినవాడు ఎవరైనా వచ్చి బతిమాలితే బాగుండుననుకుంటాడు. కోపం వచ్చినవాడు అలా అనుకోడు. అలగాలంటే మనవాళ్ళు అనుకునే మనిషి ఎదురుగా ఉండాలి, దారినపోయేవాడి మీద ఎవరూ అలగరు. ఇంత సూక్ష్మంగా చూసిన భాష చేతిలో ఉండి, "మూడ్ బాలేదు", "టెన్షన్", "డిప్రెషన్" అనే మూడు మాటలతో మన పిల్లలు బతుకు వెళ్ళదీస్తున్నారు. వాటిలో మూడోది నిజానికి ఒక జబ్బు పేరు. క్రికెట్ మ్యాచ్ ఓడిపోయినప్పుడు దాన్ని వాడేస్తే, ఆ జబ్బే వచ్చినవాళ్ళకు చెప్పుకోవడానికి మాట మిగలదు.

మన భాష బాధను ఒంట్లో వెతికి పట్టుకుంటుంది కూడా. నోరు ఎండిపోయింది, కాళ్ళూ చేతులూ చల్లబడ్డాయి, గుండె దడదడలాడింది, కడుపులో దేవినట్టయింది, ఒళ్ళు గగుర్పొడిచింది. ఇవి మాట సొంపు కోసం అనుకునేవని చాలామంది నమ్మకం. కావు. అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త వాల్టర్ కానన్ 1915లో భయం, కోపం, ఆకలి, నొప్పి కలిగినప్పుడు ఒంట్లో వచ్చే మార్పుల మీద ఒక పుస్తకం అచ్చువేశాడు. ప్రమాదం ఎదురైతే శరీరం పోరాటానికో పరుగుకో సిద్ధమవుతుందని ఆయన చూపించాడు. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, మనం దడ అనేది దాన్నే. చర్మానికీ పేగులకూ వెళ్ళే రక్తం తగ్గి కండరాలకు మళ్ళుతుంది, అందుకే చేతులు చల్లబడతాయి, కడుపులో తిప్పుతుంది. లాలాజలం తగ్గి నోరు ఎండుతుంది. రోమాలు నిక్కబొడుచుకుంటాయి. ఏ ప్రయోగశాలా లేని రోజుల్లోనే మన పల్లెల్లో ఇవన్నీ గమనించి పేర్లు పెట్టుకున్నారు.

అంతమాత్రాన పాత ఇళ్ళన్నీ మనసు విప్పి మాట్లాడుకున్న ఇళ్ళని మేము చెప్పబోవడం లేదు. కోడలు నోరు మెదపని ఇళ్ళే ఎక్కువ. తిరగలి దగ్గరో రోకలి దగ్గరో పాటలో కలిపి చెప్పుకుంటే తప్ప ఆమె దుఃఖానికి వేరే చోటు లేదు. మాటలు అప్పుడూ ఉన్నాయి, చెప్పే హక్కు మాత్రం అందరికీ లేదు. మేము అడుగుతున్నది ఆ రెండోది.

మళ్ళీ ఒంటి సంగతికి వస్తే, 1936లో హాన్స్ సెలీ అనే శాస్త్రవేత్త 'నేచర్' పత్రికకు పంపిన చిన్న లేఖలో ఒక విచిత్రం రాశాడు. చలి, గాయం, విషం, ఏది కలిగించినా ఎలుకల శరీరాలు ఒకే తీరుగా దెబ్బతింటున్నాయని. మనం ఇవాళ ఒత్తిడి అంటున్న భావన వైద్యంలో అక్కణ్ణుంచే వేళ్ళూనుకుంది. అడవిలో పులి ఎదురైతే కొద్ది నిమిషాల్లో ఏదో ఒకటి తేలిపోతుంది, శరీరం మళ్ళీ మామూలవుతుంది. నోటీసు బోర్డు మీది ర్యాంకుల లిస్టు అలాంటి పులి కాదు. జూన్‌లో ఎదురొచ్చి మార్చి దాకా కదలదు. అంతకాలమూ కార్టిసాల్ అనే హార్మోన్ అవసరానికి మించి ఊరుతుంటే నిద్ర చెడుతుంది, జబ్బులను తట్టుకునే శక్తి తగ్గుతుంది. జ్ఞాపకాలను పదిలపరిచే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం మీద ఈ హార్మోన్ ప్రభావం బలంగా ఉంటుంది. అది ఎక్కువగా ఉన్న వేళ, నేర్చుకున్నది గుర్తు తెచ్చుకోవడం కూడా కష్టమవుతుందని ప్రయోగాల్లో తేలింది. "నాకు అన్నీ వచ్చు సార్, హాల్లోకి వెళ్ళగానే ఏమీ గుర్తురాలేదు" అన్న పిల్లని అబద్ధాలకోరు అనకండి. భయపెడితే పుస్తకం ముందు కూర్చుంటారు, నిజమే. ఆ భయమే పరీక్ష హాల్లో వాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కుంటుంది.

"పదహారేళ్ళు వచ్చాయి, ఆ మాత్రం నిగ్రహం లేదా?" అనడం కూడా మానాలి. ముందువెనకలు ఆలోచించి ఆవేశాన్ని పట్టి ఆపే మెదడు భాగం నుదుటి వెనక ఉంటుంది. అది పూర్తిగా పరిణతి చెందేసరికి ఇరవై ఏళ్ళు దాటుతాయి. అంతవరకూ పక్కన ఉన్న పెద్దవాళ్ళ నిదానమే పిల్లలకు ఆసరా. ఆ పెద్దవాళ్ళే ఊగిపోతుంటే వాళ్ళు దేన్ని పట్టుకోవాలి?

పేరు పెట్టి చెప్పుకుంటే ఏమవుతుంది? 2007లో లాస్ ఏంజెలిస్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త మాథ్యూ లీబర్మన్ బృందం కొందరికి కోపంతో, భయంతో ఉన్న ముఖాల ఫోటోలు చూపించి మెదడు స్కాన్లు తీసింది. ఆ ముఖంలో ఉన్నది కోపమనో భయమనో పేరు ఎంచుకున్నప్పుడు, బాదం గింజ ఆకారంలో ఉండి ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డలా అనే భాగం తక్కువగా స్పందించింది. నుదుటి వైపు భాగం ఒకటి పనిలోకి దిగింది. అంతకు ఏడాది ముందు మరో శాస్త్రవేత్త జేమ్స్ కోన్ బృందం 16 మంది పెళ్ళయిన స్త్రీలను స్కానర్‌లో పడుకోబెట్టి, చిన్న కరెంటు షాక్ తగలొచ్చని చెప్పింది. ఒంటరిగా ఉన్నప్పుడు మెదడులో చెలరేగిన కంగారు భర్త చెయ్యి పట్టుకుంటే తగ్గింది. తెలియని మనిషి చెయ్యి పట్టుకున్నా కొంత తగ్గింది. కాపురం సఖ్యంగా ఉన్నవాళ్ళలో భర్త చెయ్యి పట్టుకుంటే మరింత తగ్గింది. ఇవి కొద్దిమంది మీద చేసిన ప్రయోగాలు, వీటి మీద మేడలు కట్టబోము. కానీ జ్వరమొచ్చిన రాత్రి నుదుటి మీద చెయ్యి వేసి కూర్చున్న ప్రతి తల్లికీ ఇందులో కొత్తేమీ కనిపించదు.

అందుకే వ్యక్తిత్వ వికాసం పేరుతో జరిగేవాటిలో చాలావాటితో మాకు పేచీ ఉంది. ఫంక్షన్ హాల్లో వెయ్యి మందిని కూర్చోబెట్టి, మైకు పట్టుకుని, నీ బతుకు నీ చేతుల్లోనే ఉంది, నవ్వు, గట్టిగా అనుకో, అయిపోతుంది అని చెప్పేవాళ్ళు తెలియకుండానే ఒక క్రూరత్వం చేస్తున్నారు. మర్నాడు కూడా దిగులు తగ్గనివాడికి ఆ దిగులుకు తోడుగా తన తప్పేనన్న సిగ్గు కూడా మిగులుతుంది. ఎదగడం ఒక్కడు ఒంటరిగా చేసే కసరత్తు కాదు. చుట్టూ ఉన్న సంబంధాల్లో మెల్లగా జరిగేది అది. బాధను అణచుకోవడం నేర్పే చదువు మాకు వద్దు.

"మగాడివై ఉండి ఏడుస్తావేంట్రా" అన్న మాటను మా ఇళ్ళలో ఇవాళ్టి నుంచి అనం. "ఆడదానివి, సర్దుకుపోవాలి" అన్నదాన్నీ అనం. "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలి" అని నవ్వుకునే అలవాటునూ వదులుకుంటున్నాం. హైదరాబాద్ ఎర్రగడ్డలో ఉన్నది ప్రభుత్వ మానసిక వైద్యశాల. ఒక ఆసుపత్రి పేరును తిట్టుగా మార్చుకున్నాం కాబట్టే, వైద్యం కావాల్సినవాళ్ళు ఆ గుమ్మం తొక్కడానికి జంకుతున్నారు. జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. వాళ్ళలో ఎక్కువమందికి వైద్యం అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పింది. మాట్లాడుకుంటే అన్నీ నయమైపోతాయని మేము అనం. మధుమేహానికి మందు వేసుకున్నట్టే దీనికీ కొందరు మందు వేసుకోవాలి, అందులో నామోషీ లేదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాతి రోజులు మాలో ఎవరమూ మరిచిపోలేదు. 20 మందికి పైగా పిల్లలు మనకు దక్కలేదు. ఆ ఇళ్ళ గురించి ఇక్కడ ఇంకేమీ రాయం. ప్రభుత్వాలను మాత్రం అడుగుతాం. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక విద్యార్థిని తండ్రి న్యాయం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఆ కేసులో కోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి. మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయకూడదు. నలుగురిలో అవమానించకూడదు. ఇది మన గడ్డ మీద పోయిన ఒక ప్రాణం తెచ్చిన తీర్పు. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి జూనియర్ కాలేజీకీ, ప్రతి కోచింగ్ సెంటర్‌కూ వెళ్ళి ఆ కౌన్సెలర్ కూర్చునే గది ఏదని అడగడం మా మొదటి కార్యక్రమం. గది ఉంటే తలుపు తెరిచి ఉందా అని చూస్తాం. కాగితం మీద పేరు, గదిలో పాత బెంచీలు ఉంటే ఆ సంగతి జిల్లా కలెక్టరుకు రాసి ఇస్తాం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మరుసటి ఏడాది మే నెలలో అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల్లో మానసిక వైద్యం పొందడం ప్రతి మనిషి హక్కని అది చెబుతోంది. బీమా కంపెనీలు శరీర రోగాలకు ఇచ్చినట్టే మానసిక రోగాలకూ ఇవ్వాలనీ చెబుతోంది. ఆశా కార్యకర్త నుంచి పంచాయతీ కార్యదర్శి దాకా ఈ సంగతి తెలిసి ఉండాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416. ఏ వేళప్పుడైనా ఉచితంగా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు ప్రతి హాస్టల్ గోడ మీదా, ప్రతి బస్సు వెనకా, రైతు సేవా కేంద్రాల్లోనూ కనపడేలా రాయిస్తాం. బతుకు మీద విరక్తి కలిగినవాళ్ళకు మేము చెప్పే మొదటి మాటా అదే. ఆ నంబరుకు చేయండి, పక్కన ఎవరైనా ఉంటే పిలవండి, ఆ రాత్రి ఒంటరిగా ఉండకండి.

గల్ఫ్‌లో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్ అన్నదమ్ముల గురించీ ఆలోచించాం. క్యాంపు గదిలో ఎనిమిదిమందితో ఉంటూ, వీడియో కాల్‌లో ఇంటికి నవ్వు ముఖమే చూపిస్తారు. ఇటునుంచి ఇంటావిడ కూడా అప్పుల సంగతి దాచి నవ్వుతుంది. ప్రేమతోనే దాచుకుంటారు, ఆ ప్రేమే ఇద్దరినీ ఒంటరిని చేస్తుంది. వాళ్ళకు ఏం చెప్పాలో మాకింకా పూర్తిగా తోచలేదు. వాళ్ళే వచ్చి మాకు చెబితే రాసుకుంటాం.

చందా లేదు, సభ్యత్వ రసీదు లేదు. వారానికి ఒక గంట ఊళ్ళో ఎక్కడైనా, రచ్చబండ దగ్గరైనా, లైబ్రరీ వరండాలోనైనా కూర్చుందాం. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళం అడ్డురాకుండా విందాం. సలహా అడిగితే తప్ప ఇవ్వకూడదు. ఎవరి సంగతీ గడప దాటకూడదు. మా మొదటి సమావేశాల్లో అందరికంటే కష్టపడ్డది మా లెక్చరర్లే, వినడం వాళ్ళకు అలవాటు లేని పని.

వచ్చే ఆదివారం మళ్ళీ హాస్టల్ నుంచి ఫోన్ వస్తుంది. మీరు ఇంకేమీ చేయకపోయినా ఫరవాలేదు. మొదటి రెండు నిమిషాలు మార్కుల ఊసెత్తకండి. "ఏంట్రా నాన్నా, బెంగగా ఉందా?" అని అడిగి, అటునుంచి మాట వచ్చేదాకా ఆగండి.