బరువు ఎక్కడికి పోవును?

చేతిపని తెలిసినవాడు చదువు రానివాడనియు, చదువుకొన్నవాడు చేతిపని చేయనక్కరలేదనియు మనలో ఒక నమ్మకము చిరకాలముగా పాతుకొని ఉన్నది. తరగతి గదిలో ఇన్నేండ్లు నిలిచి, తెలిసియో తెలియకయో ఈ నమ్మకమును పోషించినవారిలో నేనును ఒకడను. అది ఎంత పొరపాటో నాకు బోధపరచినది ఏ గ్రంథమును కాదు. అమెరికాలో మా మేనల్లుని కారు షెడ్డులో నేను చూచిన రెండు ఇనుప గొట్టములు.

మా మేనల్లుడు కాలిఫోర్నియా రాష్ట్రములో శాక్రమెంటో నగరమునకు చేరువలో నివసించుచున్నాడు. కంప్యూటరు ఉద్యోగి. సెలవు దొరికినచో పాత టయోటా ఫోర్‌రన్నర్ బండి తీసికొని కొండదారులు పట్టుట అతనికి వ్యసనము. ఆ ప్రాంతమున, సియెర్రా నెవాడా పర్వతములలో, జార్జిటౌను నుండి టాహో సరస్సు వైపునకు రూబికన్ ట్రయిల్ అను దారి ఒకటి ఉన్నది. దారి అనుటయే గాని, అందులో చాల భాగము గ్రానైటు బండల వరుస. సుమారు 35 కిలోమీటర్ల ఆ దూరము దాటుటకు రెండు దినములు పట్టుట సామాన్యము. 1953లో జీపులవారు తొలిసారి జాతరగా కూడి ఆ దారిన ప్రయాణము చేసినారు. అటువంటి దారులలో తిరుగువారు తమ బండ్లకు ఇరుప్రక్కల, తలుపుల క్రింద, ఒక్కొక్క ఉక్కు కమ్మిని బిగించుకొందురు. దానికి రాక్ స్లయిడరు అని పేరు. రాతి మీద జారునది అని అర్థము. బండి బండరాతి మీద ఒరిగినప్పుడు, తలుపు క్రింది పలుచని రేకు నలుగకుండ, ఈ కమ్మి రాతిని తాకి, బండి బరువును మోసి, మెల్లగా జారి ముందుకు సాగనిచ్చును.

మొదట అతడు ఈ కమ్ములను చేసికొనలేదు. ఒక దుకాణములో, చూచుటకు అట్లే ఉన్న మెరుగు గొట్టముల జతను కొని తగిలించినాడు. అవి నిజమునకు ఎక్కి దిగుటకు పనికివచ్చు మెట్లు మాత్రమే. బండి పైతొడుగు రేకునకు మరలతో బిగించినవి. ఒకనాడు కొండదారిలో బండి ఎడమ ప్రక్కకు ఒరిగి రాతి మీద కూర్చున్నది. గొట్టము పైకి లేచి రేకును లోనికి నొక్కినది. వెనుక తలుపు బిగుసుకొనిపోయినది. లోపల నాలుగేండ్ల పిల్ల ఉన్నది. ముందు సీటు మీదుగా ఎత్తి ఆమెను బయటికి తీసినారు. ఎవరికిని దెబ్బ తగులలేదు. అయినను తెరుచుకొనని ఆ తలుపు తండ్రికి చాలనాళ్ళు నిద్ర పట్టనీయలేదు.

ఈ సంగతి చెప్పుచు అతడు నాతో, "మామయ్యా, ఆ గొట్టం మెత్తనిదేం కాదండీ. బరువును మోయలేని చోటికి తీసుకువెళ్ళి దింపింది, అంతే" అన్నాడు. ఈ ఒక్క మాటలో ఈ వ్యాసమంతయు ఉన్నది.

అతని బండికి అడుగున నిలువునా రెండు బలమైన ఉక్కు దూలములు ఉన్నవి. దానినే ఛాసిస్ అందురు. ఇంజను, చక్రముల కట్టు దానిని ఆధారము చేసికొని ఉండును. మనము కూర్చుండు గది, తలుపులు, రేకులు అన్నియు రబ్బరు దిమ్మల మీద ఆ దూలములపై నిలిచి ఉండును. రేకు ఎండను, వానను ఆపును గాని బండి బరువును మోయజాలదు. కావున రక్షణ కమ్మి అనునది రేకును ఆశ్రయింపరాదు, ఛాసిస్‌నే ఆశ్రయింపవలెను. పైగా, రబ్బరు మీది గది ప్రయాణములో కొంత కదలుచుండును గనుక, కమ్మికిని రేకునకును నడుమ రెండు మూడు సెంటీమీటర్ల ఎడము విడువవలెను. రెండును కలిపి కట్టినచో ఒకటి కదలినప్పుడెల్ల రెండవది చినుగును.

అతడు సాయంకాలపు తరగతులలో చేరి, ఒక కమ్యూనిటీ కళాశాలలో వెల్డింగు నేర్చుకొన్నాడు. అక్కడ గుమాస్తా, వడ్రంగి, ఇంజనీరు ఒకే బల్ల కడ నిలిచి పని నేర్చుట సామాన్య విషయమట. పిమ్మట ఉక్కు కొనక ముందే అట్టముక్కలు కత్తిరించి, బండి క్రింద పరుండి, కాళ్ళు ఎచ్చట నిలుపవలెనో నమూనాలు చేసికొన్నాడు. ఒక్కొక్క ప్రక్క నాలుగు కాళ్ళు. ప్రతి కాలికిని ఛాసిస్‌పై ఒక దళసరి ఉక్కు పలక. కాలిని నేరుగా దూలమునకు అతికినచో బరువంతయు గోరంత చోట పడి దూలము గోడ చొట్టపడును. పలక దానిని అరచేతి వెడల్పున పంచిపెట్టును. మన యిండ్లలో స్తంభము క్రింద రాతి దిమ్మ వేయుట ఇందులకే గదా!

గొట్టము ఏల, నిండు కమ్మి ఏల కాదు అని నేను అడిగితిని. అతడు కాగితము తీసినాడు. బయటి వ్యాసము 44.5 మిల్లీమీటర్లు, గోడ మందము 3 మిల్లీమీటర్లు ఉన్న గొట్టమును తీసికొందము. అంతే ఉక్కుతో, అంతే బరువుతో నిండు కమ్మి చేసినచో దాని వ్యాసము ఇరువది రెండు మిల్లీమీటర్లకు కొంచెము మించును. వంపును ఎదిరించు బిగువులో గొట్టము ఆ కమ్మికంటె సుమారు ఏడింతలు. లోహము నడిమికంటె అంచున ఉన్నప్పుడే వంపును బాగుగా ఎదిరించును. ఉన్నత పాఠశాల విద్యార్థియు దీనిని లెక్క కట్టి చూడవచ్చును: బయటి వ్యాసపు వర్గమునకు లోపలి వ్యాసపు వర్గమును కూడి, ఆ మొత్తమును ఆ రెండు వర్గముల భేదముచే భాగించినచో ఆ ఏడు దొరకును. వెదురు బొంగు ఎందుకు బోలుగా ఉన్నదో ఆ పిల్లవానికి ఇక వేరుగా చెప్పనక్కరలేదు.

గొట్టమునకు గొట్టమును అతుకుటలో మరియొక చిక్కు ఉన్నది. తిన్నగా కోసిన కొన గుండ్రని ఒంటిపై కుదురదు. చేప నోటివలె తొలువవలెను. సమాన వ్యాసము గల రెండు గొట్టములు లంబముగా కలియునప్పుడు, కోయవలసిన గీతను కాగితము మీద గీసి గొట్టమునకు చుట్టుదురు. ఆ కాగితమును విప్పి చూచితిని. త్రికోణమితిలో పిల్లలు భయపడు కొసైను రేఖయే అందు వంపులు తిరిగి ఉన్నది! ఏ ఉపయోగమునకో తెలియక వారు వల్లించు ఆ రేఖ, ఇక్కడ అరమిల్లీమీటరు తప్పినను అతుకులో సందై కనబడుచున్నది.

అన్నిటికంటె గడుసుదైన శత్రువు వేడి. అతికినచోట కరగిన ఉక్కు చల్లారుచు ముడుచుకొనును. ముడుచుకొనుచు చుట్టుప్రక్కలను తనవైపు లాగును. మన కమ్మరి బండి చక్రమునకు ఇనుప పట్టాను ఎఱ్ఱగా కాల్చి తొడిగి, నీళ్ళు చల్లినప్పుడు ఆ పట్టా బిగిసి కఱ్ఱ చక్రమును కదలకుండ పట్టును. అక్కడ మేలు చేసిన ముడుతయే ఇక్కడ కీడు చేయును. ఒక ప్రక్కనే ఏకధాటిగా అతికినచో తిన్నని గొట్టము విల్లగును. కావున ముందు అక్కడక్కడ చుక్కలవలె అతికి, కొలిచి, తరువాత ఒకసారి ఈ కొనను, ఒకసారి ఆ కొనను, నడుమ చల్లారనిచ్చుచు పూర్తిచేయవలెను. మొదటి ప్రయత్నములో మా మేనల్లుడు తొందరపడినాడు. వంకరపోయిన ఆ గొట్టమును అతడు పారవేయలేదు; షెడ్డు గోడకు వ్రేలాడదీసినాడు.

ప్రమాదములను దాచి పనిని పొగడుట నాకు సమ్మతము కాదు. జింకు పూత గల గొట్టమును అతికినచో లేచు పొగ పీల్చినవానికి చలిజ్వరము తెచ్చును. బండి మీద అతుకు వేయుటకు ముందు బ్యాటరీ తీగ విప్పవలెను. ఛాసిస్ వెంట పోవు పెట్రోలు గొట్టములను, బ్రేకు గొట్టములను కాపాడుకొనవలెను. కంటికి ముసుగు లేక ఆ వెలుగును చూచుట కన్నును కాల్చుకొనుటయే. గురువు ప్రక్కన నిలువనిదే ఈ పని ఎవరును మొదలుపెట్టరాదు.

తయారైన కమ్ములు ఒక్కొక్కటి ఇరువది కిలోలకు పైగా తూగినవి. వానిని బిగించి అతడు చేసిన మొదటి పని రంగు వేయుట కాదు. కమ్మి నడుమ జాకీ పెట్టి, బండి ఆ ప్రక్క చక్రములు నేల విడుచువరకు ఎత్తుట. కమ్మి ఎంత వంగినదో కొలిచినాడు. దించిన తరువాత మరల యథాస్థానమునకు వచ్చినదో లేదో కొలిచినాడు. రాతి మీద పడు దెబ్బ ఈ నిలుకడ బరువుకంటె పెద్దదని ఎరిగి, రెండు కాళ్ళకు మూలకట్టులు అదనముగా అతికినాడు. ఆ పిమ్మటనే కొండకు పోయినాడు.

దుకాణములో మంచివి దొరకవా, ఇంత శ్రమ ఏల అని పాఠకులు అడుగవచ్చును. దొరకును. పరికరముల వెల కలిపి చూచినచో అతనికి మిగిలిన డబ్బు స్వల్పమే. నిపుణులు చేసినవి ఇతని పనికంటె నునుపుగా ఉండుననుటలో సందేహము లేదు. చేతితో చేసినదెల్ల మేలైనదని నేను వాదించుట లేదు. కాని మొదట కొన్నప్పుడు అతడు మెరుగును చూచినాడు. ఇప్పుడు కొనవలసివచ్చినచో క్రింద పరుండి అతుకును చూచును. చేసినవాడు కొనుటయు నేర్చుకొనును. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు కట్టి "చూడు" మనుటలోని స్వారస్యము ఇదియే.

ఈ వ్యాసము చదివిన యువకులు రేపే తమ బండ్లకు ఇనుము తగిలింతురేమో అను భయముతో ఒక మాట చెప్పవలెను. మన దేశములో 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను బండి రూపమును ఇష్టానుసారము మార్చుటను నిషేధించుచున్నది. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ, బండ్ల ముందు బిగించు బుల్ బార్లపై చర్య తీసికొనవలెనని రాష్ట్రములకు వ్రాసినది. ఈ నిషేధమునకు గల కారణము చూడుడు: ముందు బిగించిన గట్టి కమ్మి ఢీకొన్న దెబ్బను తాను మ్రింగదు, పాదచారి ఒంటి మీదికి త్రోయును, లోపలివారిని కాపాడవలసిన గాలిసంచుల పనిని చెడగొట్టవచ్చును. ఇక్కడను ప్రశ్న అదే: బరువు ఎక్కడికి పోవును? ఆ ప్రశ్న అడుగక, ఠీవి కొఱకు ఇనుము తగిలించుకొన్నవాడు తన భద్రతను ఎదుటివాని ఎముకల మీద కట్టుకొన్నవాడగును. జనులు నడచు వీధికిని, నిర్జనమైన బండల దారికిని న్యాయము ఒక్కటి కాదు.

ఇక ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి. 1937లో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన జరిగిన విద్యా సమావేశము, చేతిపని చుట్టును చదువును అల్లవలెనని కోరినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము, 6 నుండి 8 వరకు గల తరగతుల పిల్లలు పదిదినములు పుస్తకముల సంచి లేక వడ్రంగి, కుమ్మరి మొదలగు పనివారి కడ నేర్చుకొనవలెనని చెప్పినది. ఆశయమునకు లోటు లేదు. కాని ఆ పదిదినములు కాగితపు పూలు కత్తిరించి, గోడకు అంటించి, ఫొటో తీసి ముగించినచో ప్రయోజనము లేదు. కాగితపు పువ్వును ఏ బరువును పరీక్షింపదు. తప్పు చేసినను అది అందముగానే ఉండును.

పిల్లలచేత బరువు మోయు వస్తువు నొకదానిని చేయింపుడు. ఉక్కు వలదు, నిప్పు వలదు. ఊరి వడ్రంగిని గౌరవముతో పిలిచి, కుర్చీ వేసి, ఆయన యెదుట నాలుగు కాళ్ళ పీట ఒకటి కట్టింపుడు. కట్టక ముందు, మనిషి బరువు పలక నుండి కాలికి, కాలి నుండి నేలకు ఏ దారిన దిగునో ప్రతి పిల్లవానిని బొమ్మ గీయుమనుడు. కట్టిన తరువాత దాని మీద మొట్టమొదట ఉపాధ్యాయుడే కూర్చుండవలెను. పీట నిలిచినచో గణితము చెప్పవచ్చును. విరిగినచో మరింత బాగుగా చెప్పవచ్చును. విరిగిన పీటను మాత్రము పారవేయక, తరగతి గోడకు వ్రేలాడదీయుడు.