యోగశిక్షకుల పునశ్చరణ తరగతులు – ప్రాచ్య కళాశాలల కర్తవ్యం

వ్యాకరణ మహాభాష్యం పస్పశాహ్నికంలో పతంజలి విద్యకు నాలుగు ఉపయోగకాలాలను పేర్కొన్నాడు. గురుముఖతః గ్రహించే ఆగమకాలం, తానుగా ఆవృత్తి చేసుకొనే స్వాధ్యాయకాలం, శిష్యులకు బోధించే ప్రవచనకాలం, కర్మలో వినియోగించే వ్యవహారకాలం – ఈ నాలుగింటి చేతనే విద్య సార్థకమవుతుందని ఆయన అభిప్రాయం. మహాభాష్యకర్త, యోగసూత్రకర్త ఒక్కరేనా అన్న చర్చ తెగనిది. దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. అయితే యోగశిక్షకుల కోసం నేడు విరివిగా జరుగుతున్న పునశ్చరణ తరగతులను తూచడానికి ఈ విభాగం కంటె మంచి త్రాసు నాకు కనిపించలేదు.

విశాఖపట్నంలో ఈ విషయం ప్రస్తావించడానికి తగిన కారణమున్నది. 2025 మే 21 నుండి నెలరోజుల పాటు ‘యోగాంధ్ర’ పేరుతో రాష్ట్రమంతటా కార్యక్రమాలు జరిగినవి. జూన్ 21న రామకృష్ణా బీచి మొదలు భోగాపురం వరకు తీరం వెంబడి 3 లక్షలకు పైగా జనం ఒకేమారు ఆసనాలు వేసినారు. అంతకు ముందురోజు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంజనీరింగు కళాశాల మైదానంలో 20 వేలకు పైబడిన గిరిజన విద్యార్థులు 108 నిమిషాల పాటు సూర్యనమస్కారాలు చేసినారు. ఇందరికి నేర్పడానికి నేర్పేవారు ఎందరు కావలెనో ఊహించుకోవచ్చు. ఆయుష్ మంత్రిత్వశాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు శిక్షకులను అంతరువులుగా విభజించి, ప్రోటోకాల్ శిక్షకునికి 200 గంటలు, వెల్‌నెస్ శిక్షకునికి 400 గంటలు, ఉపాధ్యాయునికి 800 గంటల శిక్షణను నిర్దేశించింది. ఆ ప్రణాళికలో యోగసూత్రాలకు, హఠయోగప్రదీపికకు చోటు లేకపోలేదు. ఆక్షేపించవలసినది అక్కడ కాదు. పట్టా చేతికి వచ్చిన తరువాత ఏమిటన్నదే ప్రశ్న.

అమెరికాలోని యోగా అలయన్స్ తన శిక్షకులు మూడేళ్ల కాలంలో 45 గంటలు బోధించినట్లు, 30 గంటలు తిరిగి నేర్చుకొన్నట్లు చూపవలెనని నియమం పెట్టింది. తెలిసి పెట్టినా తెలియక పెట్టినా అది స్వాధ్యాయ ప్రవచనాల నియమమే. చదువు ముగించుకొని వెళ్లిపోతున్న శిష్యునికి తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలోని ఆచార్యుడు చేసే హెచ్చరికలలో ఈ రెండింటినీ ఏమరవద్దన్నది ఒకటి. కనుక మనకిది అరువు తెచ్చుకోవలసిన భావన కాదు.

ఉక్కునగరంలో ‘వర్క్‌షాపు’ అనగానే మనసుకు తోచేవి లేతు యంత్రాలు, వెల్డింగు, అరిగిన భాగాన్ని విప్పి సరిచేసి తిరిగి బిగించడం. యోగశిక్షకుల వర్క్‌షాపులకు కూడ ఆ అర్థమే తగును. కాని మూడురోజుల శిబిరాల ధోరణి చూస్తే – ఉదయం ఆసనాలు, మధ్యాహ్నం ఒక వైద్యుని ఉపన్యాసం, చివరిరోజు ప్రశంసాపత్రం – అక్కడ అరిగినదేదో విప్పి చూడడం లేదు. కొత్త భాగాలు తగిలించి పంపుతున్నారు. మరో పది ఆసనాలు, మరో ప్రాణాయామభేదం. ఆగమకాలం మూడురోజులకు కుదించుకుపోయింది. వ్యవహారకాలం నాలుగవరోజు ఉదయమే మొదలవుతుంది. నడిమి రెండు కాలాలకు అవకాశమే లేదు.

దీని వలన కలిగే నష్టాన్ని ఒక ఉదాహరణతో చెబుతాను. హఠయోగప్రదీపిక ప్రథమోపదేశంలో సాధకుడు వర్జింపవలసిన వాటిని చెబుతూ స్వాత్మారాముడు కాయక్లేశవిధిని కూడ చేర్చినాడు. మూలంలో అంతకు మించి వివరణ లేదు. 19వ శతాబ్దికి చెందిన బ్రహ్మానందుడు జ్యోత్స్నా వ్యాఖ్యలో దీనికి రెండు ఉదాహరణలిచ్చినాడు: అధికసంఖ్యలో సూర్యనమస్కారాలు చేయడం, అధికభారాలు మోయడం. ఉక్కు కర్మాగారపు నీడలో యోగం నేర్పేవానికి ఈ రెండూ ఎంత దగ్గరి విషయాలో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ పంక్తిని రెండు విధాల చెడగొట్టవచ్చు. వ్యాఖ్య చూడనివాడు సూర్యనమస్కారాలు ప్రాచీన హఠయోగంలో అంతర్భాగమే అనుకొని, లెక్క పెరగడమే పురోగతి అని బోధిస్తాడు. సగం చూచినవాడు సూర్యనమస్కారం శాస్త్రనిషిద్ధమని వాదానికి దిగుతాడు. వ్యాఖ్యాత ‘బహు’ శబ్దం ప్రయోగించినాడు. నిషేధం ఆధిక్యానికే గాని క్రియకు కాదు. పైగా ఆ సందర్భం మితాహారాది నియమాలతో కుంభకాభ్యాసానికి సిద్ధపడుతున్న సాధకునిది; మైదానంలో ఒకనాటి ఉత్సవానికి వచ్చిన బాలునిది కాదు. విశేషణాన్ని విడిచి విశేష్యాన్ని మాత్రమే పట్టుకోవడం ఎంత సులభమో విద్యార్థుల జవాబుపత్రాలు దిద్దేవారికి తెలియనిది కాదు. గ్రంథాన్ని పంక్తి విడువక, మరొకరికి చెప్పగలిగేటట్లు చదివితేనే ఈ వివేచన అలవడుతుంది.

మరొక సమస్య ఉక్కునగరానికే ప్రత్యేకం. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకొన్న బ్లాస్టు ఫర్నేసుల వద్ద రాత్రి షిఫ్టు ముగించుకొని ఇల్లు చేరే కార్మికుడు ‘తెల్లవారుజామున చేయమంటారు గదా మాస్టారూ, నాకు తెల్లవారేది ఎప్పుడు?’ అని అడిగితే శిక్షకుడు ఏమి చెప్పవలెను? కుంభకాభ్యాసానికి ప్రదీపిక ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం, అర్ధరాత్రి అనే నాలుగు వేళలు చెప్పింది. గీత ఆరవ అధ్యాయం అతిగా నిద్రించేవానికి, అతిగా మేల్కొనేవానికి కూడ యోగం సిద్ధించదంటుంది. ప్రాణాయామం అయుక్తమైతే ఎక్కిళ్లు, ఉబ్బసం, దగ్గు, శిరోవేదన, చెవులకు కన్నులకు బాధ కలుగుతాయని ప్రదీపికయే హెచ్చరిస్తుంది. ఈ మూడు స్థలాలను కలిపి చూచినవాడు ఆ కార్మికుని ముందు నిద్రపొమ్మంటాడు. ముద్రిత ప్రోటోకాలు మాత్రమే ఎరిగినవాడు ఆవులిస్తున్న మనిషి చేత 45 నిమిషాలూ పూర్తి చేయిస్తాడు. (మాటవరసకు ఒకటి. ఘేరండసంహిత యోగారంభానికి వసంతశరత్తులను విధించి తక్కిన ఋతువులను వారించింది. 2025 జూన్ 21 జ్యేష్ఠ బహుళ ఏకాదశి, గ్రీష్మం. సముద్రపుగాలి ఆ దోషాన్ని కొంత పరిహరించి ఉండవచ్చు.)

ఈ పఠనాన్ని నడపగలవారు ప్రాచ్య కళాశాలల అధ్యాపకులే. ఇందుకు పూర్వోదాహరణలున్నవి. మైసూరు మహారాజా సంస్కృత కళాశాలలో పట్టాభి జోయిస్ 1937 నుండి 1973 వరకు యోగం బోధించినారు. విశాఖలోనే ఎక్కిరాల కృష్ణమాచార్యులు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు అధ్యాపకులుగా ఉన్నవారు. 1971లో వరల్డ్ టీచర్ ట్రస్టును స్థాపించినారు, యోగసూత్రాలకు వ్యాఖ్యానం రచించినారు. ఇది సంస్కృతశాఖ పని అని తెలుగువారు తప్పుకోవడానికి వీలులేదు. కొలని గణపతిదేవుని శివయోగసారము, మడికి సింగన వాసిష్ఠరామాయణము ఎవరు చెప్పవలసినవి? శ్రీశైల భిక్షావృత్తి మఠాధిపతి ప్రేరణతో గౌరన ద్విపదలో రచించిన నవనాథచరిత్రను, ప్రదీపిక ఆరంభంలోని సిద్ధుల పట్టికతో కలిపి చదివితే, తాను నేర్పే విద్యాపరంపర తెలుగునేలకు కొత్తది కాదని యోగశిక్షకునికి తెలుస్తుంది.

అధికారభేదాన్ని చూపి దీనిని కాదనే పండితులు కొందరుండవచ్చు. వారికి నా సమాధానం వ్యాసభాష్యంలోనే ఉన్నది. ఆసనసూత్ర భాష్యంలో పేర్కొన్న పదమూడింటిలో క్రౌంచనిషదనం, హస్తినిషదనం, ఉష్ట్రనిషదనం ఉన్నవి. ఆయా ప్రాణులు కూర్చొన్న తీరు చూచి వీటిని గ్రహించవలెనని వాచస్పతిమిశ్రుడు చెప్పి ఊరుకొన్నాడు. తరగతిలో ఈ పంక్తిని అన్వయించి ముందుకు సాగిపోవడం పరిపాటి. ఎదుట ఒక యోగశిక్షకుడుంటే, ఏ కూర్పు సాధ్యమో, ఏది వెన్నుకు హానికరమో కూర్చుని చూపగలడు. అప్పుడు వ్యాఖ్యానానికి కూడ కొంత పరీక్ష జరుగుతుంది.

కనుక మూడురోజుల శిబిరానికి బదులు, ఉక్కునగరంలో పక్షానికొకమారు రెండు గంటల చొప్పున ఏడాది పాటు సాగే పఠనగోష్ఠి కావలెను. షిఫ్టుల వలన ఒక పూట రాలేనివారి కోసం అదే పాఠం మరొక పూట కూడ చెప్పవలెను. మొదట ఆసనానికి సంబంధించిన మూడు సూత్రాలు భాష్యంతో, తరువాత ప్రదీపిక ద్వితీయోపదేశం జ్యోత్స్నతో. ఒక గోష్ఠిలో విన్నదానిని తరువాతి గోష్ఠిలో శిక్షకులలో ఒకరు తెలుగులో ప్రవచనం చేయవలెను, అధ్యాపకుడు దిద్దవలెను. ప్రవేశానికి సంస్కృత పరిచయం నియమం కారాదు. తెలుగు లిపిలో మూలం, ప్రతిపదార్థం, వ్యాఖ్యానతాత్పర్యం చేతికిస్తే చాలును. ఆ ప్రతులను సిద్ధం చేయడం వేసవి సెలవులలో సంస్కృతాంధ్ర శాఖల నుండి చెరొకరు కలిసి కూర్చుంటే పూర్తికాదగిన పని.