కల్లానికి చోటు లేని ప్రణాళిక

ఉమ్మడి స్థలం విలువ ఏమిటో పల్నాడు రైతుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. నూరేళ్ల కిందట ఈ గడ్డ మీద జరిగిన పెద్ద పోరాటం దానికోసమే. అడవిలో పశువులు మేపుకుంటే పుల్లరి కట్టాల్సిందేనని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుబట్టింది. కట్టేది లేదని 1921లో పల్నాడు ఊళ్లు తిరగబడ్డాయి. ఆ పోరాటానికి ముందు నిలిచిన మించాలపాడు రైతు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు. ఏటా ఫిబ్రవరిలో ఆయనకు నివాళి అర్పిస్తున్నాం. కానీ మన ఊళ్లో మేత పోరంబోకు రికార్డులో ఎంత ఉంది, నేల మీద ఎంత మిగిలింది అని పంచాయతీని అడిగేవాళ్లు ఎంతమంది?

ఈ ప్రశ్న పశువులతో ఆగేది కాదు. మిర్చి కోతలు మొదలైతే మాచర్ల, గురజాల, నరసరావుపేట వైపు ఏ రోడ్డు మీదకు వెళ్లినా సంగతి అర్థమవుతుంది. తారు రోడ్డు సగం మేర ఎర్రగా కాయలు, అంచుకు వరసగా రాళ్లు, పక్కన నులక మంచం. రాత్రిపూట ఆ రాళ్లకు మోటారు సైకిళ్లు తగిలి మనుషులు పడుతున్నారు. రైతు సరదాకు రోడ్డెక్కలేదు. కాయ ఎండాలంటే పది, పదిహేను రోజులు చదునైన స్థలం కావాలి. సొంత చేను ఉన్న రైతు అందులోనే ఒక మూల కల్లం చేసుకుంటాడు. కౌలు రైతు పొలానికి కౌలు కట్టి, మళ్లీ కల్లానికి అద్దె కట్టాలి. అది కట్టలేనివాడికి మిగిలేది రోడ్డే. ఈలోగా అకాల వర్షం పడితే పట్టలు కప్పేలోపే కాయ తడుస్తుంది, రంగు పోతుంది. గుంటూరు యార్డుకు చేరాక తేమ అని, తాలు అని ధర కోస్తారు. ఏడాది కష్టం ఆఖరి పదిహేను రోజుల్లో, చోటు లేక నష్టపోతున్నాం.

మరి చోటు నిజంగా లేదా? చట్టం ఉందంటోంది. 1994 పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షన్ చదవండి. మేత బీళ్లు, కల్లాలు, శ్మశానాలు, పశువులు నిలిపే చోట్లు, బండ్లు నిలిపే చోట్లు, తోపులు పేరుపేరునా అందులో ఉన్నాయి. ప్రభుత్వానికి ప్రత్యేక అవసరం లేని ఈ పోరంబోకులన్నీ గ్రామ పంచాయతీకి చెందుతాయని ఆ సెక్షన్ చెబుతోంది. కల్లం అన్న మాట చట్టంలోనే ఉంది. అంటే ఊరికి ఉమ్మడి కల్లం అడగడం దయ కోసం చెయ్యి చాచడం కాదు, ఉన్న హక్కును గుర్తు చేయడం. అయితే అదే సెక్షన్ ఇంకో మాట కూడా చెబుతోంది. అవసరమనుకుంటే ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటన ఇచ్చి ఆ భూమిని వెనక్కి తీసుకోవచ్చు. ఊరు వాడుకోకుండా, లెక్క రాసుకోకుండా వదిలేసిన స్థలం ఎవరి కంటికైనా ఖాళీగానే కనిపిస్తుంది.

పంచాయతీ ఆస్తుల జాబితా రాయాలి, కొలిపించాలి, హద్దులు పెట్టాలి, ఆక్రమణలు తొలగించాలి అని చెప్పే నిబంధనలు 2011లోనే వచ్చాయి. అదే ఏడాది జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. పంజాబ్‌లో ఒక ఊరి చెరువును కొందరు ఆక్రమించి ఇళ్లు కట్టుకుంటే, ఆ ఆక్రమణను క్రమబద్ధం చేయడం కుదరదని కోర్టు తేల్చింది. అన్ని రాష్ట్రాల్లోనూ ఊరుమ్మడి భూములను తిరిగి ఊరికి అప్పగించే ఏర్పాటు చేయాలని ఆదేశించింది. భూమిలేని కూలీలకు, దళితులకు, గిరిజనులకు ప్రభుత్వమే ఇచ్చిన స్థలాలు, బడి, ఆసుపత్రి వంటివి ఉన్నచోట్లు మాత్రం మినహాయింపు కిందికి రావచ్చని చెప్పింది. ఈ తేడాను మన సంఘం గట్టిగా పట్టుకోవాలి. పోరంబోకులో గుడిసె వేసుకున్న పేదను ముందు ఖాళీ చేయించి, రెండెకరాల బీడును చేలో కలిపేసుకున్న ఆసామి జోలికి పోకపోతే అది ఉమ్మడి ఆస్తి రక్షణ కాదు. హద్దు జరిపిన వాళ్లలో రైతులూ ఉన్నారు, రైతు నాయకులూ ఉన్నారు. ఆ మాట ముందు మనమే అనకపోతే మనం అడిగే మిగతా మాటలకు బలం ఉండదు.

ఇక ప్రణాళిక సంగతి. ఏటా ప్రతి పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారు చేయాలి, గ్రామసభలో పెట్టాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపారు. మంచిదే. కానీ మన ప్రణాళికలు ఎక్కడ మొదలవుతున్నాయి? వచ్చే డబ్బుతో మొదలవుతున్నాయి. ఇంత నిధి ఉంది, ఇన్ని మీటర్ల సిమెంటు రోడ్డు, ఇంత పొడవు మురుగు కాలువ అని పద్దు రాస్తున్నారు. రోడ్లు వద్దని ఎవరూ అనరు. ఉపాధి హామీ కింద గోకులం షెడ్లు కట్టుకోవడమూ మంచిదే. అయితే షెడ్డులోంచి విప్పిన గేదె ఎటు వెళ్లాలి? దాహానికి ఏ చెరువు, మేతకు ఏ బీడు? ఊరి స్థలాల పటం ముందు పెట్టుకోకుండా పద్దు రాస్తే జరిగేది ఇదే. సిమెంటు పెరుగుతుంది, చోటు తరుగుతుంది. ఆఖరికి గ్రంథాలయానికీ, పిల్లల ఆటస్థలానికీ, కొన్ని ఊళ్లలో దళితవాడ శ్మశానానికీ స్థలం దొరకని స్థితి వస్తుంది. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. ఆ సెస్సుతో నడవాల్సిన గది మన ఊళ్లో తలుపు తీస్తోందా లేదా అన్నది కూడా గ్రామసభలో అడగాల్సిన ప్రశ్నే.

రీసర్వే ఈ విషయాన్ని మరింత తొందర చేసింది. సర్వేయర్ వచ్చినప్పుడు ప్రతి రైతూ తన గట్టు దగ్గర నిలబడతాడు. సెంటు తగ్గినా ఒప్పుకోడు. ఊరి బీడు దగ్గర, కల్లం దగ్గర, వాగు దగ్గర ఎవరు నిలబడ్డారు? సొంతదారు నిలబడని చోటే హద్దు జరుగుతుంది. ఉమ్మడి భూమికి సొంతదారు పంచాయతీ, పంచాయతీ అంటే మనం. పాత ఎఫ్‌ఎంబీ పటం, కొత్త పటం పక్కపక్కన పెట్టి ఉమ్మడి సర్వే నంబర్ల విస్తీర్ణం సరిచూడాల్సిన పని ప్రతి గ్రామ కమిటీ మీదా ఉంది.

ఊరి చివర పొలాలు ప్లాట్లవుతున్న చోట మరో హక్కు కూడా ఉంది. లేఅవుట్ వేసేవారు విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలం వదిలి, రోడ్లతో సహా స్థానిక సంస్థకు అప్పగించాలి. పదెకరాల లేఅవుట్‌లో ఎకరం అన్నమాట. నరసరావుపేట 2022లో జిల్లా కేంద్రమైంది, చుట్టూ భూముల మీద కన్ను పడింది. మిరప, పత్తి పండిన నేల పోగా మిగిలే ఆ ఎకరమైనా ఊరికి దక్కాలి. కాగితం మీద పార్కు, నేల మీద ఇంకో ప్లాటు అయితే పంచాయతీ మాట్లాడాలి, మాట్లాడించాలి.

కల్లాలకు డబ్బెక్కడిది అని అడుగుతారు. తెలంగాణ అనుభవం గుర్తుంచుకోవాలి. అక్కడ ఉపాధి హామీ నిధులతో రైతులు పంట ఆరబెట్టుకునే కల్లాలు కడితే, అవి పథకం కిందికి రావంటూ 151 కోట్ల రూపాయలు తిరిగి చెల్లించమని కేంద్రం కోరింది. 2022 డిసెంబర్‌లో దాని మీద ఆందోళనలు జరిగాయి. చేపలు ఆరబెట్టే దిమ్మెలకు వర్తించే నియమం మిర్చికి ఎందుకు వర్తించదో ఇప్పటికీ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. కాబట్టి ఒక్క పథకం మీదే ఆధారపడకూడదు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి ముడిపెట్టినా, మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకునే వీలు ఇచ్చింది. మార్కెట్ కమిటీలు మన పంట మీద సెస్సు వసూలు చేస్తున్నాయి. ఊరుమ్మడి కల్లానికి అందులో వాటా అడగడం న్యాయమే. చదును చేసి, గట్టి నేల వేసి, వాన నీరు జారిపోయే వాలు పెట్టి, ఒక దీపం, ఒక రేకుల షెడ్డు ఉంటే చాలు. మిర్చి కాలం పోయాక అదే స్థలంలో ధాన్యం, శనగ ఆరబెట్టుకోవచ్చు. మిగతా రోజుల్లో పిల్లలు ఆడుకుంటారు, ఊరి సభలు, పెళ్లిళ్లు జరుగుతాయి. ఒకే చోటు ఏడాదంతా ఊరికి పనికొస్తుంది.

వచ్చే గ్రామసభకు ప్రతి గ్రామ కమిటీ నాలుగు పనులతో వెళ్లాలి. ఒకటి, పంచాయతీ ఆస్తుల రిజిస్టరు సభలో చదివి వినిపించమని అడగాలి. రెండు, ఉమ్మడి సర్వే నంబర్లన్నీ కొలిపించి హద్దురాళ్లు వేయాలని తీర్మానం చేయించాలి. మూడు, పేదల గుడిసెల జోలికి పోకుండా పెద్ద ఆక్రమణల జాబితా ముందు రాయించాలి. నాలుగు, ఉమ్మడి కల్లాన్ని ప్రణాళికలో మొదటి పనిగా చేర్పించాలి. కౌలు రైతులను, కూలీలను, పశువులు కాసే ఆడవాళ్లను సభకు వెంటబెట్టుకు వెళ్లాలి. ఆ స్థలాల అవసరం ఎక్కువగా ఉన్నది వాళ్లకే. తీర్మానం మినిట్స్‌లో రాసిందాకా కుర్చీలోంచి లేవకూడదు, నకలు తీసుకోకుండా ఇంటికి రాకూడదు. ఆ నకళ్లన్నీ జిల్లా కమిటీకి పంపండి. ఏ ఊరి ఉమ్మడి భూమి ఎంతో, ఎంత మిగిలిందో, ఎక్కడ కల్లం మంజూరైందో ఊరివారీగా ఈ పత్రికలోనే అచ్చువేద్దాం.