ఈ భోగికి సజ్జలు ఖాళీ చేద్దాం



సంక్రాంతి నెల పట్టిందంటే ఇల్లు దులపడం మనకు కొత్త కాదు. విరిగిన మంచం కోడు, చివికిన చాప, అడుగూడిన తట్ట, అరిగిన చీపురు, ఇలా ఇంట్లో పనికిరానిదల్లా భోగి తెల్లవారుజామున మంటలోకి వెళ్లేది. ఏడాదికోసారి ఇల్లు ఖాళీ చేసుకోవడానికి పెద్దలు పెట్టిన గడువు అది. గడువు ఇప్పటికీ బాగానే ఉంది, సామానే మారిపోయింది. ఆ రోజుల్లో ఇంట్లో ఉన్నదంతా కర్ర, వెదురు, తాటాకు, నార. ఇప్పుడు మన కూడలి మంటలోకి వస్తున్నవి ప్లాస్టిక్ కుర్చీలు, నైలాన్ నవారు, ఫోమ్ పరుపులు, సన్‌మైకా అంటించిన ప్లైవుడ్ తలుపులు, స్కూటరు టైర్లు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు వెలువడతాయి. పాత పెయింటు చెక్కల్లో సీసం ఉండొచ్చు. చంటిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని చలి కాచుకునేది ఆ పొగ పక్కనే. రోడ్ల మీద చెత్త కాల్చకూడదని 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాల్లోనే చెప్పారు.

అందుకే ఈ కరపత్రం. భోగి మంటలో పిడకలు, ఎండుకట్టెలు, కొబ్బరి మట్టలే వేద్దాం. ఇంట్లోని పాత సామాను మాత్రం భోగికి ముందు ఆదివారానికల్లా గడప దాటి, అక్కరకొచ్చే చోటికి చేరాలి. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. అంటే ఆ ఆదివారానికి మూడు నాలుగు వారాలు చేతిలో ఉంటాయి.

బీరువాతో మొదలుపెట్టకండి. ప్రతి చీర వెనకా ఒక పెళ్లి ఉంటుంది. పది చీరలు మడతలు విప్పేసరికి పొద్దు గూకుతుంది గానీ ఒక్కటీ బయటికి పోదు. సజ్జతో మొదలుపెట్టండి. బొమ్మల కొలువు పెట్టేవాళ్లు ఎలాగూ బొమ్మల పెట్టె కోసం నిచ్చెన వేస్తారు కదా, ఈసారి మూడు వారాలు ముందే వేసి పైనున్నదంతా కిందికి దించండి. మళ్లీ ఎక్కించేముందు ఒకటే అడగండి: పోయిన సంక్రాంతి నుంచి దీన్ని ఎవరైనా వెతుక్కున్నారా? బొమ్మలు, ఆవకాయ జాడీలు, ఇత్తడి గంగాళం, నలుగురొచ్చినప్పుడు దించే పెద్ద గిన్నెలు పైకి వెళ్తాయి. మిక్సీ పోయి ఏళ్లు గడిచినా దాని అట్టపెట్టె థర్మోకోల్‌తో సహా భద్రంగా ఉన్న ఇళ్లు మన వీధిలో బోలెడు. వారంటీ తీరిన పెట్టె వట్టి తుక్కు. దస్తావేజులు, పాసు పుస్తకాలు, చదువుల సర్టిఫికెట్లున్న ట్రంకు పెట్టె జోలికి మాత్రం తొందరపడి వెళ్లకండి. వాటిని ఇంట్లో పెద్దవాళ్లు దగ్గరుండి చూడాలి. అలాగే అత్తగారి సామాను అత్తగారిని అడక్కుండా తీయకండి. తర్వాత గొడవొస్తే సంఘం మధ్యలోకి రాదు.

ఇల్లు ఇరుకవడంలో మనం కొన్నవాటి పాలు కొంతే. మనకు పెట్టిన వాటిదే పెద్ద వాటా. గృహప్రవేశాల్లో పంచిన స్టీలు డబ్బాలు, మూత మీద వాళ్ల పేర్లు, తేదీ చెక్కించినవి. సన్మానాల శాలువాలు. అద్దం పెట్టెలో జ్ఞాపికలు. అన్నిటికన్నా జాకెట్ ముక్కలు! రంగు మన చీరకు కలవదు, గుడ్డ మన బ్లౌజుకు చాలదు, పారేస్తే అపచారం. దాంతో ఆ ముక్క తాంబూలంతో పాటు ఇల్లిల్లూ తిరుగుతుంది, ఒక్కోసారి మొదట పెట్టినావిడ దగ్గరికే వచ్చి చేరుతుంది. కుట్టుమిషను ఉన్నవాళ్లకు నలుగురివీ కలిపి ఇస్తే దిండు గలేబులు, కూరగాయల సంచులు అవుతాయి. శాలువాలు వాచ్‌మెన్లకు, రాత్రి ఆటో నడిపేవాళ్లకు డిసెంబర్లోనే ఇవ్వండి, చలి పోయాక ఇచ్చి లాభమేముంది? పేరంటానికి జాకెట్ ముక్క బదులు పండో మొక్కో పెడితే బాగుంటుందని సంఘం సమావేశంలో అంటే, "ముందు మీ మగాళ్లు శాలువాలు కప్పుకోవడం మానండి" అన్నారు ఆడవాళ్లు. సబబే. రెండూ మానేద్దాం.

దేవుడి పటాలు, శుభలేఖలు, పాత క్యాలెండర్ల సంగతి ఇంకా ఇబ్బంది. పారేయడానికి చెయ్యి రాక రావిచెట్టు మొదట్లో వదిలేసి వస్తున్నాం. అవి వానకు తడుస్తాయి, అద్దం పగులుతుంది, ఊడ్చే అమ్మాయి చేతికి గుచ్చుకుంటుంది. భక్తి అంటే ఇదా? ఇంట్లోనే ఫ్రేము విప్పి, అద్దం విడిగా, చెక్క విడిగా పెట్టండి. వట్టి కాగితం బొమ్మను నీళ్లలో నానబెట్టి ముద్ద చేసి మొక్క మొదట్లో వేయొచ్చు. లామినేషన్ చేసినవి నానవు, కాబట్టి వాటిని పొడి చెత్తలో పంపక తప్పదు. శుభలేఖల్లో వెనక ఖాళీగా ఉన్నవి పిల్లల లెక్కలకు పనికొస్తాయి, తక్కినవి పాత పేపర్లతో కాటాకెక్కుతాయి.

బట్టలు ఇచ్చేటప్పుడు ఉతికి, గుండీలు చూసి ఇవ్వండి. మనం కట్టుకోలేనంత చిరిగింది ఎవరికీ ఇవ్వకండి. మెత్తటి నూలు చీరలతో బొంత కుట్టించవచ్చు, పాత పంచెలు మసిగుడ్డలకు బాగుంటాయి. 2023 మేలో పట్టణాల్లో పాత బట్టలు, పుస్తకాలు, ఆటబొమ్మలు తీసుకునే ఆర్‌ఆర్‌ఆర్ కేంద్రాలు తెరిచారు. మన వార్డుకు దగ్గర్లో ఏదైనా నడుస్తోందేమో శానిటరీ ఇన్‌స్పెక్టర్ని అడుగుతున్నాం.

గడువు దాటిన మందులు, ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బులు, పాత ఫోన్లు, ఛార్జర్లు మామూలు చెత్తలో కలపకండి. ఆ దీపాల్లో పాదరసం ఉంటుంది. వీటిని విడి సంచిలో కట్టి పెట్టండి. ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేది సీసం. దాన్ని ఇంట్లో విప్పించకండి, కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని దుకాణం వాళ్లే ధర కట్టి తీసుకుంటారు.

భోగికి ముందు ఆదివారం ఉదయం ఏడింటికి కమ్యూనిటీ హాలు ముందు బల్లలు వేస్తాం. ఒకదాని మీద ఎవరైనా తీసుకెళ్లగలిగినవి పెడదాం. నచ్చింది పట్టుకెళ్లడానికి మొహమాటం వద్దు, పనివాళ్లకూ వాచ్‌మెన్లకూ ముందుగా చెప్పండి. ఇంకో బల్ల కాటాకు. పాత సామాన్లాయన తూకం వేసి ఎవరి డబ్బు వాళ్లకే ఇస్తారు. మూడోది మందులు, బల్బులు, ఎలక్ట్రానిక్ సామానుకు. ఇల్లు సర్దడం ఆడవాళ్ల పనే అనుకుని పేపరు చదువుకుంటూ కూర్చోకుండా, బరువైనవి మోయడానికి ఇంటికొక మగమనిషి రావాలి. మధ్యాహ్నానికి మిగిలింది తిరిగి ఏ సజ్జకూ ఎక్కకూడదు. మున్సిపాలిటీ పొడి చెత్త కేంద్రానికి ఆటోలో పంపిస్తాం, అందుకు ఇంటికి యాభై రూపాయలు సంఘం కోశాధికారికి శనివారంలోగా ఇవ్వండి.

— కాలనీ సంక్షేమ సంఘం