ధ్వనికి వడపోత: విద్యార్థి చేయదగిన చేతిపని

నేడు పాట వినిపించు యంత్రము లేని యిల్లు చాల నరుదు. ఆ యంత్రములో నేమి జరుగుచున్నదో యెరిగిన యిల్లు మరింత యరుదు. చెడినచో బాగుచేయువాని కిచ్చుట, బాగుపడనిచో మరియొకటి కొనుట, ఇదియే మన పద్ధతియైనది. ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రము చదువు ప్రతి బాలుడును, ప్రతి బాలికయు ఒక్క చిన్న వడపోతనైనను తన చేతులతో గట్టవలెననియు, దానివలన గలుగు జ్ఞానము పెక్కు పుటల వల్లెవేతకంటె నధికమనియు నా యభిప్రాయము.

వడపోత యనగా నేమి? జల్లెడ పిండిని విడిచి తవుడు నాపునట్లు, విద్యుత్సంకేతములో గొన్ని స్వరములను విడిచి కొన్నిటి నాపు సాధనము. మానవుని చెవి సుమారు 20 మొదలు 20,000 హెర్ట్‌జ్ వరకు గల నాదములను గ్రహించును. వానిలో దారస్వరములకు దారినిచ్చి మంద్రస్వరములను తగ్గించుదానిని హైపాస్ ఫిల్టరందురు. దానికి వేరుగా విద్యుత్తు నందింప నవసరము లేనిచో అది పాసివ్ వడపోత.

మృదంగపు తొప్పి పలుకు మంద్రనాద మెంత యింపైనది! దాని నేల తగ్గింపవలెనని కొంద రడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. కాని నాదము మంద్రమైనకొలది స్పీకరు పొర యెక్కువగా గదలవలెను. పౌనఃపున్యము సగమైనచో, అదే బిగ్గరతనమునకు నాలుగురెట్లు కదలిక కావలెను. నాలుగంగుళముల చిన్న స్పీకరు అంత కదలజాలదు. బలవంతముగా గదలించినచో మంద్రము రాకపోగా మిగిలిన స్వరములుకూడ వికృతమగును. తుదకు పొరయే చెడవచ్చును. అంతేకాదు, మంద్రపు మ్రోత మాటలోని హల్లులను గప్పివేయును. ఇంట వృద్ధులు ప్రసంగము తెలియుటలేదందురు. పిల్లలు ధ్వనిని పెంచుదురు. మ్రోత పెరుగును గాని మాట స్పష్టపడదు. ఇచట గావలసినది బలము కాదు, వివేకము.

ఈ వివేకమునకు రెండే వస్తువులు చాలును: ఒక కెపాసిటరు, ఒక రెసిస్టరు. మెల్లగా మారు ప్రవాహమునకు కెపాసిటరు గొప్ప యడ్డంకి. వేగముగా మారుదానికి స్వల్పమైన యడ్డంకి. ఈ గుణమే మన పని జరుపును. రెసిస్టరు నిరోధమును ఓములలోను, కెపాసిటరు ధారణశక్తిని ఫారడులలోను దీసికొని రెంటిని గుణింపుడు; లబ్ధమును రెండు 'పై'లతో గుణింపుడు; ఆ వచ్చినదానితో ఒకటిని భాగింపుడు. అదియే సంధి పౌనఃపున్యము. అచట వోల్టేజి నూటికి 71 వంతులును, శక్తి సరిగా సగమును నిలుచును.

ఉదాహరణము చూడుడు. ఆంప్లిఫయరు ప్రవేశ నిరోధము 47,000 ఓములనుకొందము. దానికి సమాంతరముగా 12,000 ఓముల రెసిస్టరును గలిపినచో రెండును గలిసి సుమారు 9,560 ఓములగును. 0.15 మైక్రోఫారడు కెపాసిటరును వాడినచో సంధి సుమారు 111 హెర్ట్‌జ్. 1,000 హెర్ట్‌జ్ స్వరము నూటికి 99 వంతులు దాటిపోవును. 50 హెర్ట్‌జ్ స్వరము 41 వంతులే దాటును. ఇది గోడవలె నాపదు; వాలువలె గ్రమముగా దగ్గించును.

కూర్పు సులభము. పాట వచ్చు పరికరమునకును ఆంప్లిఫయరునకును నడుమ, తీగెలోని మధ్యతంత్రికి వరుసగా కెపాసిటరును టంకము పెట్టి యతుకవలెను. దానికి ఆంప్లిఫయరు వైపున, మధ్యతంత్రికిని వెలుపలి యల్లికకును నడుమ రెసిస్టరు నుంచవలెను. ఎడమ కుడి మార్గములకు వేర్వేరుగా రెండు జతలు కావలెను. ఫిల్ము కెపాసిటరు శ్రేష్ఠము. అంతయు నొక లోహపు డబ్బీలో నమర్చి, డబ్బీని వెలుపలి యల్లికతో గలిపినచో విద్యుత్తు రొద చొరబడదు.

ఈ వడపోతను ఆంప్లిఫయరునకు దరువాత, స్పీకరు చెంత నేల యుంచరాదు? ఎనిమిది ఓముల స్పీకరునకు 100 హెర్ట్‌జ్ సంధి కావలెనన్నచో సుమారు 200 మైక్రోఫారడులు వలయును. అట్టిది పెద్దది, ఖరీదైనది. తారస్వరముల ట్వీటరునకైతే 4.7 మైక్రోఫారడుల చిన్న కెపాసిటరే చాలును. సంధి సుమారు 4,200 హెర్ట్‌జ్. ఏ వస్తువు నెచట నుంచవలెనో లెక్కయే చెప్పును.

చేతిఫోనులో స్వరములను సరిచేయు మీటలుండగా ఈ శ్రమ యేల యని మరికొందరందురు. మీటను ద్రిప్పినవానికి ఫలము దెలియును, కారణము తెలియదు. వడపోతను గట్టినవాడు 50 హెర్ట్‌జ్ స్వరమును మ్రోగించి, తక్కువ వోల్టులను గొలువగల మీటరుతో లోనికి వచ్చునదియు వెలుపలికి బోవునదియు గొలుచును. 41 రావలసినచోట 43 వచ్చినచో ఏల వచ్చెనని విచారించును; వస్తువులపై వ్రాసిన విలువలు నూటికి ఐదు, పది వంతులు తేడాగా నుండునని కనుగొనును. ఈ విచారమే శాస్త్రము.

తలిదండ్రుల భయముకూడ సహేతుకమే. కావున నియమములు చెప్పెదను: అతుకుపని పెద్దల యెదుటనే జరుగవలెను, యంత్రముల నాపి ప్లగ్గు తీసిన పిమ్మటనే తీగెలు మార్చవలెను, ఆంప్లిఫయరు మూత నెన్నడును దెరువరాదు, ఏలయన ఆపిన పిదపగూడ లోపల విద్యుత్తు నిలిచియుండవచ్చును. పరీక్షలకు గాలము చాలదందురా? ఒక్క సెలవుదినపు సాయంకాలము చాలును.

మనము నిరోధమును గొలుచు ఓము ఎవరి పేరు? జార్జి ఓము 1817 నుండి కొలోను నగరమున జెసూయిట్ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఆ పాఠశాల ప్రయోగశాలలోనే ప్రయోగములు సలిపి, 1827లో దన సూత్రమును గ్రంథముగా బ్రకటించెను. ఫారడు పేరునకు గారకుడైన మైకేల్ ఫారడే పుస్తకములు కుట్టు పనివానిగా జీవితము నారంభించినవాడు. పాఠశాల బల్లమీద జరుగు చిన్న పనిని తక్కువగా జూడరాదనుటకు వేరు సాక్ష్యమేల?

కావున ఉపాధ్యాయులు ప్రయోగశాలలో నొక బల్లను, తలిదండ్రు లొక సాయంకాలమును ఈ పనికి నొసగుదురుగాక. విద్యార్థులారా, మీరు గట్టిన వడపోత గుండా మీ యింటివారు ఒక ప్రసంగమును వినునట్లు చేయుడు. మాట స్పష్టమైనదని అవ్వ చెప్పిననాడు, సూత్రము మీకు నిజముగా వచ్చినదని తెలిసికొనుడు.