40 రోజులు అన్నం మానితే తెలిసింది

యాసంగి విత్తనాలకు ముందు మన జిల్లాలోని ఒక ఊళ్లో సంఘం సమావేశం జరిగింది. వరి ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, మెట్ట భూముల్లో జొన్న, కంది మళ్లీ రావాలని నేను మాట్లాడి కూర్చున్నాను. వెనక నుంచి ఒక పెద్దాయన లేచి, "అంతా మంచిగనే చెప్పినవు. రాత్రి ఏం తిన్నవు బిడ్డా?" అని అడిగాడు. అన్నం. పొద్దున? అదీ అన్నమే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. 40 రోజులు అన్నం ముట్టకుండా జొన్నరొట్టె తిని చూద్దామనుకున్నాను.

అన్నం నాకు ప్రాణం. పప్పు కలిపిన వేడి అన్నం లేకుంటే తిన్నట్టే ఉండదు. మొదటి వారం ఎన్ని రొట్టెలు తిన్నా ఏదో వెలితి. చుట్టాల దావత్‌లో బగారన్నం వాసనకు లేచి బయటికి వచ్చేశాను. పది రోజులు దాటాక నాలుక దారికొచ్చింది. పుంటికూరతో, కందిపప్పుతో రొట్టె రుచి చిన్నప్పటి నుంచీ తెలిసిందే కదా. అంటే నాలుక అసలు అడ్డంకి కాదు. అడ్డంకులు వేరే ఉన్నాయి.

మొదటిది, జొన్నలే దొరకలేదు. మా నాయన కాలంలో గాదె నిండా జొన్నలుండేవి. ఇప్పుడు రైతునైన నేను తాండూరు పోయి కొనుక్కొచ్చాను. రేషన్ బియ్యం ఉచితం, జొన్నలకు రొక్కం పెట్టాలి. కూలికి పోయే కుటుంబం దేన్ని ఎంచుకుంటుంది? రెండోది గిర్ని. మా ఊళ్లోది ఎప్పుడో మూతపడింది, పిండి పట్టించడానికి పక్క ఊరికి పోవాలి. మూడోది మా ఇంటామె కష్టం. బియ్యం కడిగి పొయ్యి మీద పెడితే అన్నం దానంతట అదే ఉడుకుతుంది. రొట్టెకు వేడినీళ్లతో పిండి పిసికి, ఒక్కొక్కటి అరచేత్తో తట్టి, పెనం ముందే కూర్చోవాలి. నేనూ తట్టి చూశాను, సగం విరిగిపోయాయి. "ప్రయోగం నీది, పని నాది" అని ఆమె అన్నమాట నిజం. జొన్న తినండని ఉపన్యాసం ఇచ్చే మగవాళ్లం ఈ సంగతి మరవొద్దు.

జొన్న మన కంచం నుంచి ఎందుకు పోయింది? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలితో ఉన్న ఇళ్లలో పొయ్యి వెలిగింది, దాన్ని తప్పు పట్టలేం. కానీ రేషన్ దుకాణంలో మన మెట్ట గింజకు చోటు పెట్టలేదు. బోర్లు వచ్చాయి, వరికి కొనుగోలు కేంద్రాలు వచ్చాయి. జొన్నకు మిగిలింది పిట్టలు, అడవిపందులు, కోత కూలి ఖర్చు.

కాగితం మీద జొన్న ధర మంచిగనే ఉంది. 2025-26కు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు హైబ్రిడ్ జొన్నకు 3,699 రూపాయలు, మాల్దండికి 3,749. సాధారణ రకం వడ్లకు 2,369. అయినా రైతు వడ్ల వైపే ఎందుకు పోతున్నాడు? దిగుబడి ఎక్కువ, పైగా కొనేవాడున్నాడు. కొనేవాడు లేని మద్దతు ధరను నమ్మి ఎవరు విత్తుతారు? తాండూరు కంది సంగతే చూడండి. మన నల్లరేగడిలో పండే ఆ కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ గుర్తింపు వచ్చినంత మాత్రాన మార్కెట్ యార్డులో ధర తనంతట తాను నిలబడదు. అదే నేలలో జొన్న, కంది కలిసి పండేవి. గింజ ఇంటికి, చొప్ప ఎడ్లకు, కంది ఆకు రాలి భూమికి. జొన్న పోవడంతో ఇంటి తిండితో పాటు పశువుల మేత కూడా పోయింది.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. జొన్న మందు కాదు. అందులోనూ పిండిపదార్థమే ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్లు నన్ను చూసి మందులు మానొద్దు, డాక్టర్ చెప్పినట్టే నడుచుకోవాలి. నేను చెప్పేది తిండి గింజ మీద మన హక్కు గురించి.

2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలను కూడా చేర్చారు. కిలో రూపాయికి మించకుండా ఇవ్వాలని రాశారు. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద ధాన్యం ఉచితం. పొరుగున కర్ణాటక రాగులు, జొన్నలు కొని రేషన్‌లో ఇచ్చింది. మన రాష్ట్రంలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఇందులో, కోరుకున్నవాళ్లకు మాత్రమే, 2 కిలోలు జొన్నలుగా ఇవ్వమని అడుగుదాం. బలవంతం వద్దు. ఆ జొన్నలు ఇక్కడి రైతు దగ్గరే కొనాలి. తాండూరు, వికారాబాద్ యార్డుల్లో కోతకు ముందే కేంద్రాలు తెరవాలి. అడవిపందుల నష్టానికి పరిహారం సకాలంలో అందాలి. మహిళా సంఘాలకు గిర్నీలు, రొట్టె యంత్రాలు ఇవ్వాలి.

41వ రోజు అన్నం తిన్నాను, కమ్మగా ఉంది. ఇప్పుడు పగలు అన్నం, రాత్రి రొట్టె. ఈ యాసంగిలో ఒక ఎకరం జొన్న వేశాను. పెద్దాయన మళ్లీ అడిగితే చెప్పడానికి జవాబుంది. ఆ ఎకరం పంట ఎవరు కొంటారంటే మాత్రం నా దగ్గర జవాబు లేదు, అది సర్కారు చెప్పాలి. వచ్చే గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ డిమాండ్ల మీద చర్చించండి, తీర్మానాలు చేసి పంపండి.